గుట్టల వెనక సైకిల్ దారి

నా భార్య పోయింది. పోయిన నెల రెండో మంగళవారం, పొద్దున తొమ్మిది దాటాక, మిర్యాలగూడ దవాఖాన నుంచి హైదరాబాద్ తీసుకుపోతుంటే కిరాయి కారులో పోయింది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాం. ముందు లారీ, వెనక లారీ. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆమె తల నా భుజం మీద ఉంది. "మెల్లగా పోనివ్వమనండి" అన్నది. అదే చివరి మాట. కొంత దూరం పోయాక నేను డ్రైవర్‌ను ఆపమన్నాను. ఎందుకని అతను అడగలేదు. అద్దంలో ఒకసారి చూసి, బండి పక్కకు తీశాడు.

హాలియా, త్రిపురారం వైపు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆమె తెలుసు. నర్సమ్మ అంటేనే తెలుస్తుంది. పేరు చెబితే ఎవరని అడుగుతారు. అందుకే పేరు రాయడం లేదు. పదమూడేళ్లు సైకిల్ మీద ఊళ్లకూ తండాలకూ టీకాలు మోసింది. సన్మానాలు జరగలేదు. ఫొటోలు పడలేదు. ఆమె గురించి రాయమని పత్రికవాళ్లు అడిగినప్పుడు ఏం రాయాలో తోచలేదు. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాలువలు, కట్టలు, తూములు కాగితం మీద గీయడం నా పని. కాబట్టి ఆమె పోయిన దారుల గురించి రాస్తాను. అవైతే నాకు కొంత తెలుసు. కొంతే తెలుసని ఈ మధ్యనే తెలిసింది.

నాది సూర్యాపేట. ఆమెది కోదాడ. పెళ్లినాడే మా అమ్మ, "మీ కోదాడోళ్లు సగం ఆంధ్రోళ్లే గదమ్మా" అని అంటించింది. "మిగతా సగం చాలు అత్తయ్యా, మీ ఇంట్లో నెగ్గుకురావడానికి" అని ఈమె తల వంచుకునే అన్నది. మా అమ్మ నవ్వింది. నాకు భయం వేసింది. ఈ మనిషిని దేన్నుంచైనా ఆపడం నా వల్ల అవుతుందా అని.

ఎనభైల మధ్యలో ఇద్దరికీ హాలియాలో పోస్టింగు దొరికింది. రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇక్కడ రాయను. ఆమె పరిధిలో కాలువ పక్కన నాలుగు ఊళ్లు, పెద్దవూర దాటాక గుట్టల మీద మూడు తండాలు. ఊళ్లకు బస్సు ఉంది. తండాలకు లేదు. బుధవారం టీకాల రోజు. నీలం రంగు డబ్బాలో ఐసు, ఐసు మధ్యలో మందు సీసాలు. ఐసు కరిగేలోపు గుట్ట ఎక్కాలి. అంతకు ముందున్న నర్సు తండాల వాళ్లనే కిందికి రమ్మనేదట. చంటిపిల్లలను ఎత్తుకుని ఎండలో ఎవరు దిగుతారు? ఎవరూ దిగలేదు. ఈమె వచ్చిన నెలకే ఒక లేడీస్ సైకిల్ కొనుక్కొచ్చింది.

"గుట్టల్లకు సైకిల్ మీద ఎట్ల పోతవ్?" అన్నాను.

"తొక్కుకుంటూ పోతానండి."

"ఎక్కుడుంటది. దిగుడుంటది. కుక్కలుంటయ్."

"మీ ఆఫీసులో లేవా?"

సాగర్ పోయే తారు రోడ్డు ఆమెకు అసలు పడలేదు. మొదటి వారమే వడ్ల లారీ ఒకటి ఆమెను కంకర మీదకు దింపింది. మోచెయ్యి చీరుకుపోయింది. ఇంటికొచ్చి తనే కడుక్కుని, తనే కట్టు కట్టుకుని, "ఈ రోడ్డు మనది కాదు, ఇంకోటి చూడండి" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు ఆఫీసులో మ్యాపు పరిచాను.

సాగర్ ఎడమ కాలువ కట్ట మీద మా శాఖ వాళ్ల జీపులు పోవడానికి ఒక బాట ఉంటుంది. లారీలు రావు. చదునుగా ఉంటుంది. కాలువ నీరు పారాలి కాబట్టి బాటకూ పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. ఆ బాట మీద ఎనిమిది కిలోమీటర్లు పోయి, ఒక తూము దగ్గర దిగితే గుట్టల మొదలు వస్తుంది. నేను గీసి ఇచ్చిన మొదటి దారి అది. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. గుట్ట మీద ఉన్న గోధుమరంగు గీతలేమిటని అడిగింది. ఎత్తును చూపించే గీతలని చెప్పాను. అవి దూరం దూరంగా ఉన్నచోట వాలు తక్కువని చెప్పాను.

"అయితే దూరంగా ఉన్న చోటే చూసి గీయండి. చుట్టు తిరిగినా ఫర్వాలేదు."

లారీ భయం పోలేదనుకున్నాను. అలాగే గీశాను.

ఆమెకు కొన్ని అలవాట్లు ఉండేవి. కుక్కలు మీదకొస్తే సైకిల్ ఆపకుండా "నేనే, నేనే" అనేది. రెండు వారాల్లో కుక్కలు నమ్మాయి. చెమట ఆరకుండా నీళ్లు తాగేది కాదు. కొత్త దారి ఎవరైనా చెబితే ఎంత దూరమని అడిగేది కాదు. "పోయినదారినే తిరిగి రావచ్చా?" అని అడిగేది. ఎక్కుడు రాగానే దిగి నడిచేది. ఎంత చిన్న ఎక్కుడైనా సరే. దిగి నడవమని నేనే మొదట్లో చెప్పాను. నా మాట వింటున్నదని కొన్నేళ్లు సంతోషపడ్డాను.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలిచేది కాదు. బుధవారం నాకు పని చేతికొచ్చేది కాదు. ఇప్పుడు మూడో తూము దగ్గర ఉంటుంది, ఇప్పుడు గుట్ట మొదట్లో ఉంటుంది అని గడియారం చూసుకుంటూ గీతలు గీసేవాణ్ణి. గీతలు వంకరపోయేవి. కాలువ తెగితే? పాము అడ్డమొస్తే? టైరు పేలి కాలువలో పడితే? కాలువలో పడినవాళ్లు ఎక్కడ తేలుతారో మా శాఖలో అందరికీ తెలుసు. అది తెలిసి ఉండడం మంచిది కాదు.

కాలువ మీద మా లష్కర్లు ఉంటారు. తూములు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం గేజీ కర్ర మీద నీటిమట్టం చూసి కాలువ టెలిఫోన్‌లో ఆఫీసుకు చెప్పడం వాళ్ల పని. ఆమె దారిలో ముగ్గురు ఉండేవారు. ఒకరోజు మొదటి లష్కర్‌తో, "అమ్మ దాటినంక జర నాకొక మాట చెప్పు" అన్నాను. అతను మంచివాడు. మిగతా ఇద్దరికీ తనే చెప్పాడు. ఆ తర్వాత ప్రతి బుధవారం ఫోన్ వచ్చేది.

"సారూ, గేజీ ఆరడుగుల మూడంగుళాలు. అమ్మ ఎనిమిదింబావుకు దాటింది. గొడుగు మర్సినట్టుంది."

ఆరు నెలలు నాకు ప్రాణం నిమ్మళంగా ఉంది. ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అనుకున్నాను. తరువాత కొత్త ఇంజనీరు తనిఖీకి వచ్చి, గేజీ రిజిస్టర్లు తెప్పించుకుని చూశాడు. ఫోన్‌లో చెప్పింది రిజిస్టర్లో రాయాలని లష్కర్లకు నియమం. వాళ్లు అంతా రాశారు. ఇంజనీరు నన్ను పిలిచి, రిమార్కుల గడి మీద వేలు పెట్టాడు.

"'అమ్మ పోయింది.' 'అమ్మ మళ్లింది.' 'అమ్మకు ఎదురుగాలి.' ఏవయ్యా, ఈ అమ్మ ఎవరు? పోచమ్మా, మైసమ్మా? వారం వారం ఊరేగుతున్నట్టుందే!"

ఆఫీసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మూడో రోజుకు ఆ సంగతి ఆమెకు చేరింది. లష్కర్ భార్యకు సూది వేస్తుంటే ఆమె నవ్వుకుంటూ చెప్పిందట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఈమె గడపలో కూర్చుని ఉంది.

"నేను నీళ్లా?" అన్నది. "ఎక్కడిదాకా పారానో రాసుకోవడానికి?"

"భయమైతది. అందుకే."

"నాకు భయం కాదా? మీరు కాలువ గట్ల మీద కొలతలకు పోయినప్పుడు నేను ఎవర్నైనా పెట్టానా?"

ఆ బుధవారం ఆమె కాలువ మీద పోలేదు. ఎటు పోయిందో ఏ లష్కర్ చూడలేదు. ఆ పై బుధవారం కూడా అంతే. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆరు వారాలు అలా గడిచాయి. నా జీవితంలో అంత పొడుగైన ఆరు వారాలు లేవు. మొన్నటిదాకా లేవు.

ఆరో వారం మధ్యాహ్నం నుంచి వాన పట్టింది. ఐదయింది. ఆరయింది. నేను ఇంటికి పోకుండా ఆఫీసు నుంచే సైకిల్ తీసుకుని కాలువ కట్ట మీద బయలుదేరాను. మొదటి లష్కర్ చూడలేదన్నాడు. రెండో అతనూ చూడలేదన్నాడు. మూడో తూము దగ్గర కాలువ కట్టను ఒరుసుకుంటూ పోతున్నది. నీటి మీద ఏ చెత్త కొట్టుకొచ్చినా నాకు చీర లాగే కనిపించింది. లష్కర్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"సారూ, గట్ల అంచుకు పోకు. ఆమె మనకన్న హుషారు. నువ్వు వడితే ఆమెకు నేనేం జవాబియ్యాలె?"

తడిసి ముద్దై ఏడున్నరకు ఇంటికొచ్చాను. ఆమె లాంతరు ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. ఐదింటికే వచ్చిందట. పొడి చీర కట్టుకుని ఉంది.

"ఎవర్ని వెతకడానికి పోయారు?" అన్నది.

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆమె తువ్వాలు తెచ్చి తల తుడిచింది. తుడుస్తూనే మూడు మాటలు చెప్పింది. ఎటు పోతున్నానో పొద్దున నేనే చెబుతాను. మీరు ఎవర్నీ అడగొద్దు. నా సంగతి నాకు చెప్పకుండా ఎవరికీ చెప్పొద్దు. సరేనన్నాను. అప్పుడు ఆ కొత్త దారి గురించి చెప్పింది. కాలువ ఎక్కకుండా ఊరి చివరే పక్కకు తిరిగి, గుట్టల వెనక వైపు నుంచి పోయే బండ్ల బాట అది. నా మ్యాపులో లేదు. రాళ్లు లేకుండా ఎర్రమన్ను, రెండు పక్కలా చిట్టడవి, అక్కడక్కడ సీతాఫలం చెట్లు. మేకలు తప్ప ఏమీ ఎదురు రావు. గుట్టను ఒక్కసారి ఎక్కించదు. మెల్లగా, తెలియకుండా పైకి తీసుకుపోతుంది.

"మీ కాలువ కన్నా మంచిది" అన్నది. "అలిగి దొరికించుకున్న దారి మరి."

అప్పటి నుంచి రోజూ పొద్దున చద్దన్నం తింటూ ఆమె దారి చెప్పేది, నేను పెన్సిల్‌తో గీసేవాణ్ణి. ఏ మలుపులో ఇసుక ఉంది, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చు, ఎక్కడ నీడ ఉంది. ఆదివారాలు ఇద్దరం కలిసి పోయేవాళ్లం. గుట్టల్లోకి, సాగర్ నీళ్లు కనిపించే వైపుకు. ఇద్దరం సైకిళ్ల మీద పోతుంటే హాలియాలో నవ్వేవాళ్లు ఉండేవారు. "నిన్ను ఏ లెక్చరర్‌కైనా ఇస్తే స్కూటర్ ఎక్కేదానివి గదమ్మా" అని పక్కింటామె అనేది. "స్కూటర్ దిగి నడవాలంటే నెట్టలేం గదా అక్కా" అని ఈమె.

సాగర్ వైపు దిగుడు నిలువుగా ఉంటుంది. మా సైకిళ్లకు కడ్డీ బ్రేకులు. పట్టీ పట్టీ రబ్బరు కాలి వాసన వచ్చేది. ఆమె దిగుడుకు ముందు ఆగి, ఒక పెద్ద కంప విరిచి, తాడుతో క్యారియర్‌కు కట్టేది. ఆ కంప వెనక నేలను గీరుకుంటూ వస్తే సైకిల్ తనంతట తనే నెమ్మదిస్తుంది. తండాల్లో కట్టెలు మోసేవాళ్లు అలా చేస్తారని నేర్చుకుంది. నాకూ కట్టించింది. దుమ్ము లేపుకుంటూ ఇద్దరం దిగుతుంటే ఒక మేకల కాపరి బండ మీద కూర్చుని చూశాడు.

"ఏం నర్సమ్మా, గవర్మెంటు పని సాలక గుట్ట ఊడుస్తున్నవా?"

"నువ్వు ఊడ్వవు గదా పెద్దయ్యా. ఎవరో ఒకరు ఊడ్వాలి."

"సారును గూడ పనికి వెట్టినవ్!"

మేకలు కంప ఆకుల కోసం మా వెంట పడ్డాయి. ఆమె వెనక్కి తిరిగి చూసి నవ్వుతూ దిగింది. ముందు చూడు, ముందు చూడు అని నేను అరుస్తూనే ఉన్నాను.

తొంభైలు సగం గడిచాక ఒక ఎండాకాలం ఆమెకు దగ్గు పట్టి వదల్లేదు. పడుకుంటే ఆయాసం. లేచి కూర్చుని తెల్లవార్లూ కిటికీ పట్టుకునేది. మిర్యాలగూడలో డాక్టర్‌కు చూపించాను. ఆయన చాలాసేపు స్టెత్ పెట్టి విన్నాడు. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. "వచ్చింది. పదకొండో ఏట" అని ఆమె వెంటనే అన్నది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు అన్నది. గుండెలో కవాటం ఒకటి ఇరుకైపోయిందని డాక్టర్ చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను.

"నీకు తెల్సా?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"ట్రైనింగులో ఒకరి మీద ఒకరు స్టెత్ పెట్టి నేర్చుకునేవాళ్లం. నా మీద పెట్టిన పిల్ల మా టీచర్‌ను పిలిచింది. టీచర్ విని, 'ఎవరితో అనకు, ఉద్యోగం రాదు' అన్నది."

త్రిపురారం దాటేలోపు, ఎక్కుడు రాగానే ఎందుకు దిగేదో, గీతలు దూరంగా ఉన్నచోట గీయమని ఎందుకు అన్నదో, గుట్టను ఒక్కసారి ఎక్కించని దారి దొరికితే ఎందుకంత మురిసిపోయిందో ఒక్కొక్కటే తెలుస్తూ వచ్చింది. నేను లారీలకు భయపడ్డాను. కుక్కలకు, కాలువకు భయపడ్డాను. భయపడాల్సింది ఆమె లోపలే ఉంది. పదేళ్లకు పైగా దాన్ని పక్కన పెట్టుకుని పడుకున్నాను.

ఆ రాత్రే ఒక దరఖాస్తు రాశాను. ఆరోగ్య కారణాల వల్ల ఈమెను ఊళ్లు తిరిగే పని నుంచి తప్పించి, హాలియా ఆసుపత్రిలోనే మందుల గదికి మార్చమని మెడికల్ ఆఫీసర్‌కు. పొద్దున జేబులో పెట్టుకుని గడప దాకా పోయాను. ఆమెకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, కాగితం ఆమె చేతికిచ్చాను.

నిలబడే చదివింది.

"ఇది ఇస్తే నాకు నయమైతదా?"

"ఎక్కువ రోజులుంటవ్."

"ఎక్కడ? ఆ మందుల గదిలోనా?"

"ఎక్కడైతేంది? ఉంటవ్ గద!"

నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె కాగితం మడిచి మళ్లీ నా జేబులోనే పెట్టింది.

"ఇస్తే మీ ఇష్టం. నాకు చెప్పే ఇస్తున్నారు గనుక నేను కోపం చేయను. కానీ నన్ను అడిగితే మాత్రం వద్దంటాను. పైన తండాలో ఆరుగురు చంటిపిల్లలున్నారు. కిందికి రమ్మంటే రారు. నాకు తెలుసు, మీకూ తెలుసు."

డాక్టర్ చెప్పిన ఆపరేషన్ చేయించుకుంటానన్నది. నాట్లు అయ్యాక అన్నది. నాట్లు అయ్యాయి. కోతలు అయ్యాక అన్నది. తండాల వాళ్లంతా కూలికి దిగే రోజుల్లో సూదులు తప్పిపోతాయని ఒకసారి, తట్టు వచ్చిందని ఇంకోసారి.

దరఖాస్తు నేను ఇవ్వలేదు.

దానికి బదులు బుధవారం సగం పూట సెలవు పెట్టి ఆమె వెంట పోవడం మొదలుపెట్టాను. టీకాల డబ్బా నా సైకిల్‌కు కట్టేవాణ్ణి. గుట్ట మొదటి దాకా బండ్ల బాట మీద పక్కపక్కనే పోయేవాళ్లం. అక్కడ ఆమె డబ్బా తీసుకుని, "మీరిక్కడే ఆగండి" అనేది. చివరి ఎక్కుడు నన్ను రానిచ్చేది కాదు. ఎందుకో అడిగితే, సైకిళ్లకు కాపలా ఉండమనేది. గుట్టల్లో సైకిళ్లు ఎవరు ఎత్తుకుపోతారు? ఆయాసపడుతుంటే నేను చూడకూడదని. నాకు అర్థమైంది. అర్థం కానట్టే కూర్చునేవాణ్ణి. మలుపు తిరిగేదాకా ఆమె నిటారుగా నడిచేది. మలుపు తిరిగాక ఏం జరిగేదో నాకు తెలియదు. రెండేళ్లు, బుధవారం బుధవారం, ఆ మలుపును చూస్తూ కూర్చున్నాను. గంటన్నర. ఒక్కోసారి రెండు గంటలు. కింది నుంచి ఏమీ వినిపించేది కాదు. ఆమె మళ్లీ ఆ మలుపులో కనపడగానే లేచి, ప్యాంటు దులుపుకుని, వేరే ఏదో చూస్తున్నట్టు నిలబడేవాణ్ణి.

పదకొండో రోజు కార్యానికి కోదాడ నుంచి వచ్చిన బావమరిది నన్ను పక్కకు పిలిచాడు.

"మీకు తెలుసు గదా బావా" అన్నాడు. "తెలిసీ ఎట్లా పంపించారు?"

అతను కోపంతో అనలేదు. తెలుసుకోవాలని అడిగాడు. ఆమెకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు, ఆమె ఎత్తుకుని పెంచింది. ఆ ప్రశ్న నన్ను నేను అడుక్కోని రోజు లేదు. దరఖాస్తు ఇచ్చి ఉంటే ఇంకో ఐదేళ్లు ఉండేదేమో. మందుల గదిలో, నా మీద కోపం చేయకుండా, ఐదేళ్లు. నాకు అది చాలు. ఆమెకు చాలేదా? తెలియదు. ఒక్కటి మాత్రం చూడాలనిపించింది. ఆ చివరి ఎక్కుడు ఎంతుందో. ఆమెను ఏం చేసిందో.

పోయిన బుధవారం పోయాను. సైకిల్ గుట్ట మొదట్లో ఆపి, నేను ఎన్నడూ తిరగని ఆ మలుపు తిరిగాను.

ఎక్కుడు నేను అనుకున్నంత పొడుగు లేదు. నిలువు మాత్రం ఉంది. కొంచెం దూరం పోయాక బాట పక్కన చెట్టు నీడలో ఒక చదును బండ కనిపించింది. కింద చిన్న రాళ్లు పెట్టి, కదలకుండా నిలిపిన బండ. మోకాలెత్తు. ఇంకొంచెం పైన ఇంకొకటి. ఆ పైన ఇంకొకటి. ఎవరైనా కట్టెలమోపు దించుకోవడానికి పెట్టుకున్నారనుకున్నాను. పైన ఇంకో మలుపు ఉంది, అటు పోయేకొద్దీ అవి దగ్గర దగ్గరయ్యాయి.

పైన మొదటి ఇంటి ముందు ఒక ముసలామె గొంగడి పరిచి కూర్చుని ఉంది. నన్ను ఎప్పుడూ చూడలేదు. అయినా గుర్తుపట్టింది.

"నర్సమ్మ సారువా?" అన్నది. చెంబుతో నీళ్లిచ్చింది. సగం తాగాను. తరువాత ఆ బండలు ఏమిటని అడిగాను.

"ఆమె కూసునేటివి."

"ఎవరు పెట్టిన్రు?"

"మా మొగోళ్లు పెట్టిన్రు. మొదలు మూడే ఉండె. ఎన్కసిరి నడుమ నడుమ ఏసుకుంట వచ్చినం."

"ఆమెకు పానం బాగలేదని మీకు ఎవరు చెప్పిన్రు?"

ముసలామె నా వంక వింతగా చూసింది.

"ఎవరు సెప్పాలె సారూ? ఊపిరి ఇనవడుతది గద."

నేను చెంబు కింద పెట్టాను.

"ఆమెకు తెల్వకుంట పెడుదుమనుకున్నం. తెలిస్తె కూసోదని. గని తెల్సిపోయింది. మొన్న దసర పోయినంక ఆమెనే అడిగె. గా పై మలుపు కాడ ఇంకోటి కావాలె, ఏస్తరా అని. ఎయ్యమా? గా దినమే ఏసినం." కొంచెం ఆగి, "ఇగ రాకు తల్లీ, మేమే పిల్లల్ని కిందికి తెస్తం అని గూడ సెప్పినం. ఇనలె" అన్నది.

నన్ను ఎప్పుడూ ఒక చెయ్యి అందివ్వమని కూడా ఆమె అడగలేదు. వాళ్లను అడిగింది. మొదట అది గుచ్చుకుంది. తరువాత, అడగడానికి ఆమెకు ఎవరో ఒకరు ఉన్నారు గదా అనుకున్నాను. ఆ మలుపు వెనక ఒంటరిగా లేదు.

దిగేటప్పుడు అడుగులు లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ముప్ఫై ఏళ్లుగా కొలతలతోనే బతికినవాణ్ణి. కింద, మొదటి రెండు బండల మధ్య అరవై అడుగులు. నడిమిట్లో ముప్ఫై. ఆ పై మలుపు దగ్గరికొచ్చేసరికి పది. లెక్క సరిచూసుకోవడానికి మళ్లీ పైకి ఎక్కాను. చివరి రెండింటి మధ్య ఏడే. ఆ ఏడు అడుగులు ఆమెలా ఆగుతూ నడిచి చూశాను. చాలాసేపు పట్టింది.

ఆఖరి బండ మీద కూర్చుందామనుకున్నాను. దాని మీద ఒక మేకపిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. ఎండకు బండ వెచ్చగా ఉన్నట్టుంది. దాన్ని లేపబుద్ధి కాలేదు. పక్కన నిలబడ్డాను. నిద్రలో దాని డొక్కలు పైకీ కిందికీ, పైకీ కిందికీ మెల్లగా కదులుతున్నాయి.